కిటికీ కింది గాడి

ఆ చెక్కను తిరగేసి చూడకపోయి ఉంటే బాగుండేదని ఆ వారంలో వందసార్లు అనుకున్నాను. తిరగేయకపోతే మా నాన్న నా మనసులో ఎప్పటిలాగే ఉండిపోయేవాడు. రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో మేం ఒకప్పుడు ఉన్న వరసలో పాత క్వార్టర్లు కూలగొడుతున్నారని, చూడాలనుంటే ఇప్పుడే రమ్మని చిన్ననాటి స్నేహితురాలు శారద ఫోన్ చేస్తే, ఆఫీసు ఎగ్గొట్టి స్కూటీ మీద వెళ్లాను. అప్పటికే మా ఇంటికి పైకప్పు లేదు. తలుపులూ కిటికీలూ ఊడబెరికి వేపచెట్టు కింద దొంతరగా పేర్చారు. ఆ దొంతరలో నా చెక్కను దూరం నుంచే గుర్తుపట్టాను. కిటికీ చట్రానికి అడుగున ఉండి, బయటికి నాలుగు వేళ్ల మేర చొచ్చుకొచ్చి, వాననీటిని గోడ మీద పడనివ్వకుండా అవతలికి జార్చే చెక్క అది. పదహారేళ్లప్పుడు దాన్ని నా చేత్తో నేనే బాగుచేశాను. తీసుకుపోవచ్చా అని అడిగితే కూల్చే పని చేయిస్తున్న మేస్త్రీ నవ్వాడు. "లే జావో దీదీ, సడీ హుయీ లక్డీ హై," అన్నాడు. పుచ్చిన కర్రే కదా, పట్టుకుపో అని.

నిజమే, గోడలో కూరుకుని ఉండే వెనక అంచు పుచ్చిపోయింది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. కానీ పాతచెక్కకు నేను కొత్తముక్క అతికించిన చోటు మాత్రం, ఇరవై ఏళ్ల వానలు తిన్నాక కూడా, బ్లేడు దూరనంత బిగువుగా ఉంది. చూసి మురిసిపోయాను. ఆ మురిపెంలోనే చెక్కను తిరగేశాను. అడుగు వైపున, బయటి అంచుకు దగ్గరగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా నేను ఉలితో తీసిన గాడి ఉండాలి. లేదు. వేలితో తడిమితే నున్నగా తగిలింది. తాళంచెవితో గీకితే పచ్చరంగు పెచ్చు లేచి, దాని కింద నుంచి గట్టిపడిన లప్పం ముక్క ఊడొచ్చింది. గాడినంతా లప్పంతో పూడ్చి, చదును చేసి, పైన ఆనాటి మా ఇంటి పచ్చరంగే వేశారు. ఎవరు వేశారని అడగడానికేముంది? ఆ ఇంట్లో నేను కాక లప్పం పట్టే పని తెలిసినవాడు నాన్న ఒక్కడే. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో అప్పటిదాకా మాటగానే విన్నాను. ఆ వేపచెట్టు కింద నిలబడి ఆ మాటకు అర్థం తెలుసుకున్నాను.

ఒక గాడి పూడిపోతే ఇంత రాద్ధాంతమా అని చదివేవాళ్లకు అనిపించవచ్చు. నా బతుకు ఆ గాడి మీద ఆధారపడింది మరి. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో వడ్రంగి. విజయనగరం దగ్గర పల్లె నుంచి పెళ్లికి ముందే వచ్చి చేరాడు. పొద్దున వర్క్‌షాపు కూత వినపడగానే చేతిలో టీగ్లాసు ఎక్కడుంటే అక్కడ వదిలేసి వెళ్లిపోయేవాడు. సాయంత్రం కూత తర్వాత పావుగంటకు గేటు దగ్గర దగ్గు వినిపించేది. అదే మాకు గడియారం. అలా వచ్చినవాడిని అమ్మ నేరుగా ఇంట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లో నిలబెట్టి, ఖాకీ చొక్కా విప్పించి, మూడుసార్లు దులిపి, ఆ తర్వాతే గుమ్మం దాటనిచ్చేది. రంపప్పొట్టు ఎండలో మెరుస్తూ రాలేది. ఆ వాసన నాకు మహా ఇష్టం. మా ఇంట్లో చింతపండు పులుసు వాసన, పక్కింటి వాళ్లు బియ్యప్పిండిలో అన్నం కలిపి కాల్చే మందపాటి రొట్టెల వాసన, గాలి ఇటు తిరిగితే ఉర్లా ఫ్యాక్టరీల పొగ వాసన, ఎన్ని ఉన్నా నా ముక్కు నాన్న చొక్కా కోసమే చూసేది. బడి నుంచి వచ్చి పెరటి మెట్టు మీద కాచుకుని కూర్చునేదాన్ని. ఆయన పెట్టె తెరిస్తే ఏ ఉలి ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసిచ్చేదాన్ని.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో నోరు విప్పి అడిగాను. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. రాయపూర్ రాజధాని అయింది, ఇక ఉద్యోగాలే ఉద్యోగాలని ప్రతివాళ్లూ ఊదరగొడుతున్నారు. నేను ఐటీఐలో వడ్రంగం నేర్చుకుంటానన్నాను. ఆ తర్వాత అప్రెంటిస్‌గా నాన్న పనిచేసే షాపులోకే వెళతానన్నాను. ఫారం మీద తండ్రి సంతకం కావాలి. అమ్మ అన్నం వార్చడం ఆపి నా వైపు చూసి, మళ్లీ గంజి వంచుకుంది. నాన్న కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఆడపిల్ల ఏమిటి, ఉలి ఏమిటి అంటాడని నేను పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. ఆయన అది అనలేదు.

"ట్రేడ్ టెస్టు పెడతాను. పాసైతే వచ్చే ఏడు సంతకం. ఫెయిలైతే నోరెత్తకూడదు. పక్కాయేనా?" అన్నాడు.

ఆ మాట బరువు రైల్వే కాలనీలో పుట్టిన వాళ్లకే తెలుస్తుంది. వర్క్‌షాపులో ఒక మెట్టు ఎక్కాలంటే ట్రేడ్ టెస్టు నెగ్గాలి. ఒక పని ఇస్తారు. దాన్ని మన చేత్తో చేసి అప్పగించాలి. అప్పగించాక చేసినవాడు దాన్ని ముట్టుకోకూడదు, చూసేవాడు సవరించకూడదు. నాన్న రెండుసార్లు ఫెయిలై మూడోసారి నెగ్గినవాడు. ఆ రెండుసార్లూ పరీక్ష పెట్టినవాళ్లను ఒక్క మాట అనలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంత నియమం గల మనిషి నాకు ఇచ్చిన పని ముందుగది కిటికీ. దాని అడుగుచెక్క ఎడమ వైపు మూడో వంతు నానినాని, వేలు గుచ్చితే దిగబడేది. ప్రతి వానాకాలం దాని కింద లోపలి గోడ మీద పెద్ద మరక కట్టేది. దాన్ని నేను బాగుచేయాలి. వానలన్నీ కురిసిపోయి సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చే నాటికి గోడ పొడిగా ఉంటే పాస్. తడి ఉంటే ఫెయిల్.

పూజ రోజునే గడువుగా పెట్టడానికి కారణం ఉంది. ఏడాదికి ఆ ఒక్క రోజే వర్క్‌షాపు గేట్లు కుటుంబాలకు తెరుస్తారు. యంత్రాలకు బంతిపూల దండలు, క్రేన్లకు మామిడాకులు, పిల్లల చేతుల్లో బూందీ పొట్లాలు. ఆ రోజు ఎవరూ పనిముట్టు పట్టరు. అన్నిటికీ పసుపు కుంకాలు పెడతారు. నువ్వు నెగ్గితే ఆ రోజు ఫోర్‌మాన్ దగ్గరికి తీసుకెళ్లి, మా షాపుకి ఇంకో మనిషి వస్తోందని చెబుతానన్నాడు నాన్న. నేను అప్పుడే నెగ్గినట్టు ఎగిరాను.

మే నెలంతా ఆ కిటికీ దగ్గరే గడిచింది. నాన్న ముట్టుకోడు, మాటతోనే చెబుతాడు. ముందుగా పాతచెక్కను విప్పించి తిరగేయించాడు. దాని అడుగున ఒక సన్నటి గీతలా ఏదో కనిపించింది. ఉలి మొనతో గీకమన్నాడు. గీకితే ఏళ్ల తరబడి పడిన సున్నం, రంగు ఊడొచ్చి గాడి బయటపడింది.

"చూసినావా? నీరు మహా దొంగది. అంచుదాకా వచ్చి కిందకి పడిపోవాలి కదా? పడదు. చెక్క కడుపుని పట్టుకుని గోడలోకి ఎనక్కి నడిచీస్తాది. దారిలో ఈ గాడి ఉంటే దాటలేక అక్కడే బొట్టుబొట్టు రాలిపోతాది. సున్నాలేసిన వాళ్లు దీన్ని పూడ్చీసినారు. చెక్క తప్పేటీ లేదు," అన్నాడు.

పుచ్చిన భాగాన్ని మంచి కర్ర తగిలేదాకా కోసేశాను. పాత టేకు తలుపులోంచి ముక్క తీసి, రెండింటినీ సగం సగం మందాన కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా చేశాను. మొదటి అతుకు వంకరపోయింది. రెండోది వదులైంది. నాన్న పెదవి విరిచి ఊరుకున్నాడు. మూడోది కూర్చున్న రోజు గోరు దూర్చి చూసి, దూరక, "హా," అన్నాడు. మా నాన్న నోటి నుంచి అంతకు మించిన మెప్పు ఎవరికీ దొరకలేదు. నీళ్లు నిలవకుండా పైభాగాన్ని బయటికి వాలుగా చిత్రిక పట్టాను. అడుగున కొత్తగా గాడి తీశాను. మేకుల గుంటలకు నాన్న లప్పం కలిపాడు. సుద్దపొడి, అవిసె నూనె వేసి పిండిలా పిసకడం నాకు చూపించాడు. పచ్చరంగు రెండు పూతలు వేశాను. చెక్కను కిటికీలో బిగించాక నాన్న వంగి, అడుగున వేలు పెట్టి గాడి పొడవునా జరుపుకుంటూ వెళ్లి, లేచి, సుద్దముక్కతో గోడ మీద టిక్కు పెట్టాడు. జాబ్ అప్పగించినట్టే. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

జూన్ చివర్లో వాన మొదలైంది. రాయపూర్ వాన మొదటి రెండు రోజులూ ముద్దుగానే ఉంటుంది, ఆ తర్వాత బట్టలారవు, అగ్గిపుల్ల వెలగదు. నేను కళ్లలో వత్తులు వేసుకుని ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను. మొదటి వారం పొడిగానే ఉంది. రెండో వారం పదకొండో తరగతి బడి నుంచి వచ్చి చూస్తే, చెక్క కింద అరచేయంత మరక. అతుకు దగ్గరే కారుతోందనుకున్నాను. నాకు అనుమానమున్నది ఆ అతుకు మీదే. గాడి సంగతి నా ఊహకే రాలేదు, నాన్న స్వయంగా వేలు పెట్టి చూసి ఒప్పుకున్న గాడి అది. ముట్టుకోకూడదన్న నియమం ఒకటి. ముట్టుకుంటే దొంగతనంగా దిద్దుకున్నదంటాడని భయం. మరక రోజురోజుకీ పెరిగి, పూజ నాటికి నేల దాకా దిగింది.

ఆ పొద్దున నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చి గోడ మీద చేయి వెనక్కి తిప్పి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. "తడి ఉన్నాదమ్మా," అన్నాడు. నా ముఖం చూడలేదు. చూడకుండానే చెప్పులేసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. మైకులో పాటలు మా ఇంటి దాకా వినిపిస్తూనే ఉన్నాయి. కాలనీ పిల్లలంతా బూందీ పొట్లాలతో తిరిగొచ్చేదాకా నేను పెరటి మెట్టు మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ పులిహోర తెచ్చి నోట్లో పెట్టబోతే నెట్టేశాను. నోరెత్తనన్న మాట ఇచ్చాను కాబట్టి, ఎత్తలేదు. ఆ తర్వాత కామర్సు చదివాను. బీమా ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఏ పని చేతికి తీసుకున్నా, ఇది నా వల్ల చెడుతుంది అనే అనుకుంటూ తీసుకున్నాను. సెలవు రోజుల్లో నాలుగు కథలు రాసుకున్నాను, అవి కూడా పంపడానికి భయపడి ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో దాచాను. నా చేయి మంచిది కాదని మా నాన్నే తేల్చేశాడు కదా!

అలాంటిది, ఇప్పుడు ఆ లప్పం ముక్క నా చేతికొచ్చింది. నాన్న పోయి ఆరేళ్లు. నేనూ అమ్మా ఉండే ఫ్లాటులో కిటికీలన్నీ జారుడు అద్దాలవి. వాటికి చెక్కా లేదు, గాడీ లేదు. నీరొస్తే గొట్టంలోంచి తెల్లటి జిగురు పిండేసి పోతాడొకడు, ఏడాది తిరిగేసరికి మళ్లీ కారుతుంది. వాటి ముందు ఈ చెక్కను గోడకానించి, వారం రోజులు దాన్ని చూస్తూ నాన్నను తిట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లు పనిచేసిన వడ్రంగికి గోడ తడిస్తే ఒక్కసారి వంగి అడుగున వేలు పెట్టి చూడాలని తెలియదా? ఎందుకు చూడలేదు? పూడ్చినవాడు తనే కాబట్టి చూడలేదు. నా ముఖం కూడా అందుకే చూడలేదు. వద్దని ముఖాన చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా పని మంచిదని తెలిసి, దాన్ని చెడగొట్టి, చేతకానిదాన్ని చేశాడు. హాల్లో ఆయన ఫోటోకు ఆ వారం నేను దండ మార్చలేదు.

అమ్మ అది గమనించింది. ఆదివారం పొద్దున నేల మీద కూర్చుని ఎర్ర తోటకూర బాగుచేస్తూ, "ఫోటోకి పూలు ఏవే?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. చెక్కను తెచ్చి ఆమె ముందు తిరగేసి పడేశాను. "మీ ఆయన చేసిన ఘనకార్యం చూడు. నేను పాసయ్యాను. కావాలని ఫెయిల్ చేశాడు. ఆయనకు పూలెందుకు?" అని అరిచాను.

అమ్మ గాడి వైపు చూసింది. ఆకు తుంచుతున్న చేయి ఆగింది.

"ఆయన్నేటీ అనకు. ఆయనకి తెల్దు. ఆ లప్పం నేను పెట్టినాను," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. నవ్వులాటకంటోందేమో అనుకున్నాను. అమ్మ తలెత్తకుండానే చెప్పుకుపోయింది. "నువ్వు మార్కుల లిస్టు కోసం బడికి పోనావు. ఆయన డూటీకి పోనాడు. డబ్బాలో లప్పం మిగిలిపోనాది, రంగూ మిగిలిపోనాది. చపాతీ పిండి పిసికినదానికి అదేటి కష్టం? పాతదానికి గాడి పూడిపోబట్టే గోడ తడిసినాదని నీకు పాఠం చెప్పినాడు కదా. నేను వంటింట్లోంచి విన్లేదనుకున్నావేటి?"

"ఎందుకమ్మా?"

"రోజూ ఆయన రుమాలు ఉతికింది నేను. ఆ పొట్టు, దగ్గితే పడే ఆ గల్ల ఎలా ఉంటాదో నీకేటి తెలుసు? నువ్వు ఆ చొక్కా వాసన పీల్చుకుని మురిసిపోయేదానివి. వద్దంటే ఇద్దరూ వినరు. ఇద్దరూ ఒక జట్టు. నన్నెవరడిగినారు?"

నాన్న చివరి రోజుల్లో ఊపిరి కోసం ఎంత పెనుగులాడాడో నేనూ చూశాను. ఆమె భయం అబద్ధం కాదు. అయినా నాకు జాలి కలగలేదు. కలగలేదని రాయడానికి సిగ్గుపడటం లేదు. "మరి నాన్న వంగి చూడలేదేం?" అన్నాను.

"చూడబోనాడు. పూజకి ముందురోజు, నువ్వు బళ్లో ఉన్నప్పుడు. కూతురని చూస్తున్నారా, బయటోళ్లయితే చూస్తారా అని అడిగినాను. అంతే, ఆగిపోనాడు."

ఆయన నిజాయితీనే ఆయనకు అడ్డం వేసిందన్నమాట. ఆయన పోయేదాకా ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం తప్పించుకు తిరుగుతుంటే, మధ్యలో కూర్చుని పులుసు పోసింది మా అమ్మ. నాన్న ఏమనుకున్నాడో అడగకుండా ఉండలేకపోయాను.

"పిల్లది తప్పు కాదన్నాడు. పూజ నుంచి వచ్చి, పెరట్లో నిలబడి, నాకు నేర్పడం చేతకాలేదు అన్నాడు. మళ్లా ఆ మాట ఎత్తలేదు."

"ఆయనుండగా ఒక్కసారి చెప్పలేకపోయావా? పోయేముందు కూడానా?"

"చెబుదామనే అనుకున్నానే. అప్పటికే ఆ రందా ఎవరికో ఇచ్చీసినాడు. ఇంక చెప్పి ఏటి లాభం?"

"ఏ రందా?"

అమ్మ నాకు తెలుసనుకున్నట్టుంది. "నీకోసం చేయించినాడు కదా, చిన్నది. చిత్రిక పట్టడానికి. ఆయనది నీ చేతికి పెద్దదైపోతాదని. పూజలో పెట్టి, బొట్టు పెట్టి, అక్కడే అందరి ముందూ నీ చేతికిద్దామనుకున్నాడు. గోడ తడిసిపోనాక, ఆరోజు సంచిలో దాచి పట్టుకుపోనాడు. నువ్వు చూస్తే బాధపడతావని ఇంటికి తేలేదు."

నేను నేల మీద కూర్చుండిపోయాను. చెక్క మా ఇద్దరి మధ్యా పడి ఉంది. "ఎంతుంటుంది అది?" అని అడిగాను.

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, నా కుడిచేయి పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. మణికట్టు దగ్గర నుంచి మధ్యవేలి కొసదాకా తన వేలితో గీసి చూపించింది.

"ఇంత. నువ్వు మధ్యాన్నం నిద్దరోతుంటే దారం పెట్టి కొలిచినాడు. ఆ దారం కొస పట్టుకుంది నేనే," అంది.

నేను చేయి వెనక్కి లాక్కున్నాను.